కంఠతా పట్టిన రూటు

మనవరాలిని మొదటిసారి నా చేతుల్లో పెట్టినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఇలాంటి మాట చెప్పుకోవడానికి సిగ్గుపడాలని తెలుసు. ఆ సిగ్గు కూడా రాలేదు. ఆసుపత్రిలో జలుబని సాకు చెప్పి దూరంగా నిలబడ్డాను కానీ, తొమ్మిది వారాలయ్యాక ఇక ఏ సాకూ దొరకలేదు. మెడ ఇంకా నిలబడని పిల్ల. మెడ కింద చెయ్యి పెట్టి, తల మోచేతి మడతలో ఆనించుకున్నాను. పట్టుకోవడంలో వంక పెట్టడానికేమీ లేదు. అల్లుడు ఫొటో తీశాడు. "ముక్కు మాత్రం తాతదే" అంది వియ్యపురాలు. "బాగుంది" అన్నాను నేను. కొత్త స్టెప్నీ టైరు చూసి కూడా నేను ఇదే మాట ఇదే గొంతుతో అంటాను.

మా అమ్మాయి పిల్లని చూడలేదు, నా మొహాన్నే చూసింది. నిమిషం తిరక్కుండా పిల్లని తీసేసుకుంది. వెళ్ళొస్తానని నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, వెనకాల తలుపు దగ్గరగా వేసింది.

"నాన్నా, నువ్వు ఎవరికైనా చూపించుకో."

"ఏమైంది నాకు? బీపీ, షుగరూ రెండూ బుద్ధిగానే ఉన్నాయిగా."

"అది కాదు. కౌన్సెలింగ్‌కి వెళ్ళు. అప్పటిదాకా పాపని నీ చేతికివ్వను."

కోపంగా అనలేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనసులో అనుకున్నాను. కానీ నాకంటూ మిగిలింది ఆ పిల్లా, దాని పిల్లా. ఆ గుమ్మం మూసుకుంటే నేను వెళ్ళడానికి ఇంకో గుమ్మం లేదు. సరేనన్నాను.

నేను డ్రైవింగ్ నేర్పుతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా పక్క సీటే నా ఉద్యోగం. మా బళ్ళకి నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు భయపడినా, నిద్రపోయినా, ఫోన్ చూసుకున్నా దాన్ని తొక్కడమే నా పని. అందుకే నన్ను బ్రేకు మాష్టారంటారు. స్టీరింగ్ తిప్పడం రాక క్లచ్చు బిగుసుకుపోయిందనే ఆడలేక మద్దెల ఓడు బాపతుని వేలమందిని చూశాను. వాళ్ళందరినీ పాస్ చేయించాను కూడా.

దానికో కిటుకుంది. బండి రావడం వేరు, పరీక్ష పాసవడం వేరు. పరీక్ష పెట్టే ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ ఒకటే దారిలో తీసుకెళ్తాడు. పెట్రోలు బంకు దాటి ఎడమ మలుపు, బడి ముందు గతుకు, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదలడం, గోడ పక్కన రివర్స్. ఆ రూటు మొత్తం నేను కంఠతా పట్టిస్తాను. "మూడో స్తంభం దగ్గర అద్దం చూడు. నిజంగా చూడక్కర్లేదు, చూసినట్టు తల తిప్పు చాలు" అంటాను. నూటికి తొంభైమంది మొదటి దెబ్బకే పాసైపోతారు. ఆ తర్వాత వాళ్ళు వేరే రోడ్డెక్కితే ఏమవుతుందో మనకనవసరం.

కౌన్సెలింగ్ కూడా అలాంటి పరీక్షే అనుకున్నాను. మా స్కూలు పక్కన జిరాక్స్ షాపు నడిపే ఆవిడ తన విడాకులప్పుడు ఏడాదిపాటు అలాంటి చోటికి వెళ్ళింది. ఆ సంగతి దాచుకోదు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది. నాకంటే పదేళ్ళు చిన్నదైనా వీధి మొత్తానికి అక్కే.

"అక్కా, లోపల ఏమేం అడుగుతారు?"

"నిద్ర అడుగుతారు, తిండి అడుగుతారు. ఎప్పటినుంచి ఇలా అంటారు. ఇంట్లో ఎవరెవరున్నారంటారు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా మొహమాటం లేకుండా అడిగేస్తారు. అవన్నీ ముందే తెలుసుకుని ఏం చేస్తారు మాష్టారూ?"

పాడైపోయిన జిరాక్స్ కాగితం వెనక ప్రశ్నలన్నీ రాసుకున్నాను. జవాబులు ఇంట్లో తయారు చేసుకున్నాను. నిద్ర బాగా పడుతోందంటే నమ్మరు కాబట్టి "ఫరవాలేదు, అప్పుడప్పుడు మెలకువ వస్తుంది" అనాలి. తిండి సరిగానే తింటున్నాను. భార్య పోయి రెండేళ్ళు, బాధ ఉంది, తట్టుకుంటున్నాను.

ఆ ఆఖరి జవాబు అబద్ధం. బాధ లేదు. తను పోయిన నాలుగో రోజు పొద్దున ఏడింటి క్లాసుకి బండి తీశాను. గుండె దిటవు చేసుకున్నాడని అందరూ మెచ్చుకున్నారు. నేను చేసుకున్నదేమీ లేదు. దానంతట అదే అలా అయిపోయింది.

కౌన్సెలింగ్ సెంటరు పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండో అంతస్తులో ఉంది. గదిలో సోఫా ఉంటుంది, పడుకోబెడతారు అనుకున్నాను. రెండు కుర్చీలు, గోడ గడియారం, టిష్యూ కాగితాల డబ్బా. అంతే. కింద నుంచి డ్రిల్లు చప్పుడు వస్తూ ఉంటుంది. కౌన్సెలరమ్మకి ముప్ఫై అయిదు దాటవు. ముందు ఒక ఫారం ఇచ్చింది. ఇక్కడ చెప్పుకున్నది ఈ గది దాటదు. ఎవరి ప్రాణానికైనా ముప్పుందనిపిస్తే మాత్రమే బయటివాళ్ళకి చెప్పాల్సొస్తుంది, అదీ సాధ్యమైనంతవరకు మీకు ముందు చెప్పాకే. యాభై నిమిషాలు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానేయొచ్చు. సంతకం పెట్టాను.

తర్వాత రూటు మొదలైంది. జిరాక్స్ అక్క చెప్పిన వరసే. నేను ఎక్కడా తడబడలేదు, ఆపాల్సిన చోట ఆపాను, తిప్పాల్సిన చోట తల తిప్పాను. చచ్చిపోవాలనిపిస్తోందా అన్నప్పుడు మాత్రం నిజమే చెప్పాను. అనిపించట్లేదు. అది కూడా అనిపించట్లేదు. యాభై నిమిషాలయ్యాక లేచి అడిగాను.

"కాగితం ఏదైనా ఇస్తారా అమ్మా? మా అమ్మాయికి చూపించాలి."

"ఏ కాగితం?"

"పాసైనట్టు."

ఆవిడ నవ్వలేదు. "ఇక్కడ పాసూ ఫెయిలూ ఉండవండీ. వచ్చే గురువారం ఇదే టైముకి వస్తారా?" అంది.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. వెళ్ళావా అని ఒక్క ముక్కలో తేల్చలేదు. ఎంతసేపు కూర్చోబెట్టారు, ఏమన్నా రాసుకున్నారా, మందులు మింగమన్నారా, చెప్పింది ఇంట్లోవాళ్ళకి చేరవేస్తారా, తిడతారా. పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు వెయ్యరు. నేను డుమ్మా కొట్టి కథలు చెబుతున్నానని అనుమానమనుకున్నాను. అన్నిటికీ ఓపిగ్గా జవాబిచ్చాను. "పాప ఎలా ఉంది?" అంటే "బాగుంది" అని పెట్టేసింది.

రెండో గురువారానికి నా కాగితం అయిపోయింది. ఆవిడ ఏమీ అడగలేదు, నేనేమీ చెప్పలేదు. మా బండిలో ఇంతసేపు ఎవరూ నోరు విప్పలేదంటే ఇంజన్ ఆగిపోయిందని అర్థం. గడియారం చూశాను. ఆరు నిమిషాలు గడిచాయి.

"మీ ఆవిడకి డ్రైవింగ్ వచ్చా?" అందావిడ.

ఇది నా రూటులో లేదు.

"రాదండీ. మూడు రోజులు నేర్పాను. తను రోడ్డు చూసుకునేలోపే నేను బ్రేకు తొక్కేసేవాణ్ణి. మూడో రోజు బండి ఆపేసి దిగిపోయింది. మీరు పక్కనుంటే నాకు జన్మలో రాదండీ అని ఇంటికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. నేను వెనకాలే బండిని మెల్లగా నడుపుకుంటూ వెళ్ళాను."

నవ్వుకునే కథే. పాతికేళ్ళపాటు మా ఇంట్లో చుట్టాలు వచ్చినప్పుడల్లా తను చెప్పి నవ్వించేది. ఇప్పుడు నేను చెబితే గదిలో ఎవరూ నవ్వలేదు.

"ఒకసారి మీ కాలు చూసుకోండి."

కుడికాలు ముందుకి చాపి ఉంది. పాదం నేలని అదిమి పట్టి, పిక్క రాయిలా బిగుసుకుని ఉంది. తేలు కుట్టిన దొంగలా వెనక్కి లాక్కున్నాను.

"ఎంతసేపటినుంచి?" అన్నాను.

"మీ ఆవిడ మాట వచ్చినప్పటినుంచి. పోయినవారం కూడా అంతే."

ఇక దాచడం ఎందుకని జవాబులు కంఠతా పట్టిన సంగతి చెప్పేశాను. అప్పుడు నవ్విందావిడ. "తెలుసండీ. నేను నిద్ర గురించి అడిగితే మీరు నిద్రా తిండీ రెండూ చెప్పేశారు. తిండి నేనింకా అడగనేలేదు."

ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నా సొంత పరీక్షలో నేను దొరికిపోయాను.

"ఇప్పుడేమనిపిస్తోంది?" అని అడిగింది.

"ఏమీ లేదు."

"ఆ ఏమీ లేకపోవడం ఎలా ఉంటుంది?"

ఇలాంటి ప్రశ్న కూడా ఉంటుందా అనుకుని ఆలోచించాను. "కింద డాక్టరు పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తాడు కదండీ. తర్వాత బుగ్గ అలాగే ఉంటుంది. ముట్టుకుంటే బుగ్గేనని తెలుస్తుంది, కానీ నాది కాదు."

"మత్తు దిగితే?"

"నొప్పి."

"అవ్వచ్చు. ఒక్కసారే దిగక్కర్లేదు. దిగేటప్పుడు మీరు ఒక్కరే ఉండక్కర్లేదు కూడా."

మూడో వారం వెళ్ళాను, నాలుగో వారం వెళ్ళాను. ఇల్లు అలకగానే పండగ కాదంటారు, నాకైతే ఇల్లు అలికినట్టు కూడా లేదు. ఒక వారం మా ఆవిడ వంటింటి డబ్బాల గురించి చెప్పాను. ఇంకో వారం సగం సేపు ఊరికే కూర్చున్నాను. బయటికొచ్చాక ఒళ్ళు బరువెక్కి ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి. ప్రతిసారీ మా అమ్మాయి ఫోన్ చేసేది, ప్రతిసారీ అవే ఆరాలు.

నాలుగు వారాలయ్యాక ఆదివారం మధ్యాహ్నం చెప్పకుండా దాని ఇంటికెళ్ళాను. అల్లుడు తల్లిని ఊరికి దింపిరావడానికి వెళ్ళాడు. వంటింట్లో మా అమ్మాయి పాలసీసాలు కడుగుతోంది. మూల ఉయ్యాల తొట్టిలో పిల్ల కళ్ళు తెరుచుకుని పడుకుని ఉంది. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"అమ్మా, నీతో అబద్ధమాడి పిల్లని ఎత్తుకోవడం నాకిష్టం లేదు. నాలుగుసార్లు వెళ్ళాను. ఇంకా వెళ్తాను. కానీ ఏమీ మారలేదు. ఆ రోజు దాన్ని ఎత్తుకుంటే నాకేమీ అనిపించలేదు. ఇప్పుడు చూస్తున్నా అనిపించట్లేదు. ఇవ్వనంటావా, ఇవ్వకు."

అది కుళాయి కట్టెయ్యలేదు. సీసాలో బ్రష్షు తిప్పుతూనే ఉంది.

"నాకూ అంతే నాన్నా" అంది.

"ఏంటి?"

"పాప పుట్టినప్పటినుంచీ. పాలిస్తాను, స్నానం చేయిస్తాను, అన్నీ చేస్తాను. ఎవరి పిల్లో నా దగ్గర వదిలేసి పోయినట్టుంటుంది. ఆ రోజు నీ మొహం చూస్తే నా మొహమే కనిపించింది. భయమేసింది. ఎవరికైనా చెబితే పాపని తీసేసుకుంటారేమో అనుకున్నాను. ముందు నువ్వు వెళ్ళొస్తే లోపల ఏం జరుగుతుందో తెలుస్తుంది కదా అని పంపించాను."

నెల రోజుల ఆరాలన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. నేను లేచి కుళాయి కట్టేశాను.

"చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?"

అడగ్గలిగాను. అలా సూటిగా అడగొచ్చని నాకక్కడే తెలిసింది. అది చాలాసేపు ఆలోచించింది. ఆ ఆలోచించినంతసేపూ నాకు కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి. భయం. రెండేళ్ళలో నాకు మొదటిసారి అనిపించింది ఆ భయమే.

"లేదు. పాపని వదిలేసి ఎటైనా వెళ్ళిపోవాలనిపిస్తుంది. అంతే."

"ఎప్పుడైనా ఆ మాట మారితే, ఏ టైమైనా సరే, ముందు నాకు చెప్పాలి."

తలూపింది. తడి చేతులు చీరకి తుడుచుకుంటూ అడిగింది. "అక్కడ నేనేం చెప్పాలి నాన్నా?"

జీవితమంతా నన్ను జనం అడిగిన ప్రశ్న. జవాబు నాలుక చివరిదాకా వచ్చేసింది కూడా.

"నాకు తెలీదమ్మా. నేను తయారుచేసుకెళ్ళినవి ఒక్కటీ పనికిరాలేదు. ముందు ఒక ఫారం ఇస్తారు, నిదానంగా చదువుకో. పిల్లని లాక్కునేవాళ్ళెవరూ నాకక్కడ కనిపించలేదు. ఏమీ అనిపించట్లేదని చెబితే తిట్టరు. కాసేపు ఎవరూ మాట్లాడరు, కంగారు పడకు. బయటికొచ్చాక అలసటగా ఉంటుంది. నేను కింద ఉంటాను."

సెంటరు నంబరు నా ఫోన్లోంచి దాని ఫోన్లోకి ఎక్కించుకుంది. సెలవు రోజైనా తీస్తారని చెప్పాను. తొట్టిలోంచి పిల్లని తీసి, నేను అడక్కుండానే నా చేతుల్లో పెట్టి, పక్క గదిలోకి వెళ్ళింది. మెడ కింద చెయ్యి పెట్టాను, తల మోచేతి మడతలో ఆనించుకున్నాను. పిల్ల కాళ్ళు ఆడించింది. నా చెవులు మాత్రం పక్క గదిలోనే ఉన్నాయి.

అది ఫోన్లో తన పేరు చెప్పింది, వయసు చెప్పింది. అవతలివాళ్ళు ఎవరి కోసమని అడిగినట్టున్నారు.

"నాకేనండీ" అంది మా అమ్మాయి.