తెరవని బల్ల

సోమ్లికి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటే. ఏ సంగతైనా తేలేదాకా కడుపు ఉబ్బరం. పక్కింట్లో కూర మాడితే అది ఏ కూరో తెలియాలి. బూర్గంపాడు బస్సులోంచి కొత్త మనిషి దిగితే ఎవరింటికి వచ్చాడో తెలియాలి. పెళ్లయిన కొత్తలో అత్త జంపక్క "దీనికి రెండు చెవులు చాలయ్" అని నవ్వేది. అలాంటి మనిషి నెల రోజులుగా ఒక్క సంగతి తేలక అన్నం సయించకుండా తిరుగుతోందంటే, అది కూర మాడిన సంగతి కాదు మరి.

జనవరి రెండో ఆదివారం, ప్రార్థన మందిరంలో పాట నడుస్తుండగా రెడ్యా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రెడ్యా సంఘంలోని మనిషి కాదు, కానీ అదే ఊరివాడు. అతని జోడెద్దుల్లో ఒకటి గురువారం తెల్లవారుజామున అడవి అంచున అందరి మొక్కజొన్న చేలూ కలిసేచోట కరెంటు తీగ తగిలి చచ్చిపోయింది. అడవిపందుల కోసం ఎవరో దొంగతనంగా పెట్టిన తీగ అది. రెడ్యా పరుగెత్తి వెళ్లేసరికి తీగను లాగేసుకుని పోయారు. తొందరలో ఒక కర్ర మిగిలిపోయింది. తీగ కర్రకు తగలకుండా దానికి ఫ్లెక్సీ ముక్క చుట్టారు. రెడ్యా ఆ ముక్క విప్పి అందరికీ చూపించాడు. దాని మీద పైకెత్తిన అరచెయ్యి, బంగారు రంగు గడియారం, గోధుమ రంగు కోటు చేతి చివర.

ఆ చెయ్యి ఎవరిదో చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టారు. ఆ చెయ్యి గల పాస్టరు జైరాం అయ్యగారు అదే గడియారం పెట్టుకుని ఎదురుగానే నిలబడి ఉన్నారు. నిరుటి సువార్త సభలకు కట్టిన పెద్ద ఫ్లెక్సీని సభలయ్యాక తొమ్మిది ముక్కలు చేసి సంఘంలోని తొమ్మిది ఇళ్లకూ పంచారు, కొట్టం మీదో కోళ్లగూడు మీదో కప్పుకోవడానికి.

"మీ ఫ్లెక్సీయే గదా ఇది. మీల ఎవడో తీగ పెట్టిండు. ఎవడో చెప్పుండ్రి. నేనడిగేది గంతే," అన్నాడు రెడ్యా. అరవలేదు. కర్రను గడప మీద పెట్టి వెళ్లిపోయాడు. అరిచి ఉంటే బాగుండేదని సోమ్లికి అనిపించింది.

ఆ సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం బల్ల మీద పెట్టి తెల్లగుడ్డ కప్పుతారు, ప్రార్థనయ్యాక గుడ్డ తీస్తారు. కానీ బయటివాళ్లు ఎవరికైనా సంఘంలోని ఒక్క మనిషి మీద ఫిర్యాదు ఉంటే, అది తీరేదాకా గుడ్డ తీయరు. ఒక్కరికే కాదు, ఎవరికీ తీయరు. ముప్పై ఐదేళ్ల కింద, విశ్వాసుల ఇళ్లు మూడే ఉన్నప్పుడు ఆ కట్టుబాటు పెట్టించింది జంపక్కే. ఇన్నేళ్లలో కోడి గొడవో గట్టు గొడవో వచ్చేది. పొద్దున మూతపడ్డ బల్ల మధ్యాహ్నానికి తెరుచుకునేది. ఈసారి ఫిబ్రవరి మొదటి ఆదివారం వచ్చింది, గుడ్డ అలాగే ఉండిపోయింది.

బల్ల ఒక్కటే అయితే ఊరుకుందురేమో. మిర్చి ఏరడానికి ఆటో తెచ్చే మేస్త్రి "పార్థనోళ్లు పక్కకు జరుగుండ్రి, రైతులు మిమ్మల్ని వద్దంటున్నరు" అని మిగతా ఆడవాళ్లను ఎక్కించుకుని పోయాడు. ఏరేది మిర్చి, పెట్టింది తీగ, రెండింటికీ ఏం సంబంధమో మేస్త్రికే తెలియాలి. బడిలో పిల్లలకు "తీగోళ్లు" అని పేరు పడింది. ఇంటిపేరు లేనివాళ్లకు కూడా అదే ఇంటిపేరయింది. మందిరం లోపల ఇంకా అన్యాయం. ప్రార్థనలో అందరి కళ్లూ సగమే మూసుకునేవి. ఎవరి మొహంలో ఏముందోనని ఒకరినొకరు చూసుకోవడం. పాపం అయ్యగారు దీవెన చెప్పేటప్పుడు ఆ చెయ్యి ఎత్తలేక జేబులో పెట్టుకునేవారు.

ఇదంతా ఇలా ఉండగా జంపక్క మంచం పట్టింది. కడుపు వాచింది. భద్రాచలం దవాఖానాలో చూసి, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైంది పెట్టమన్నారు. ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. జంపక్కకు ఇష్టమైంది ఒకటే, ప్రభువు బల్లలో చెయ్యి వేయడం, అందరితో కలిసి ఆ రొట్టె ముక్క తీసుకోవడం. అయ్యగారు చూడటానికి వచ్చి, "మీ ఒక్కరికి ఇంటికే తెచ్చి ఇస్తానమ్మా" అన్నారు.

"అందరికి బందైంది నాకొక్కదానికెందుకయ్యా? నేను పెట్టిన కట్టు నేనే తెంపాల్నా?" అంది ముసలమ్మ.

ఆ రోజే సోమ్లి కొంగు బిగించింది. మార్చి మొదటి ఆదివారం లోపల తీగ పెట్టినవాడు ఎవరో తేలాలి. తేలకపోతే అత్త ఆ ఆశతోనే పోతుంది. వెతకాల్సింది కూడా ఎంతో లేదు. ఎవరింటి ఫ్లెక్సీలో అయ్యగారికి చెయ్యి లేదో వాళ్లే.

పుష్పలత ఇంటికి జల్లెడ అడగడానికి వెళ్లి కోళ్లగూడు మీదికి తొంగి చూసింది. అక్కడ ఎగిరే పావురం ఉంది. బొజ్జయ్య కొట్టం మీద సభల తేదీలు. గోప్యా ఇంట్లో మేకల మీద "అందరూ ఆహ్వానితులే" అని ఉంది. ఒకరింట్లో చింతపండు, ఒకరింట్లో సూది, ఇంకొకరింట్లో లేని తలనొప్పికి మందు బిళ్ల. వారం రోజుల్లో ఎనిమిది ఇళ్లు తిరిగింది. ఎనిమిది ముక్కలూ నిక్షేపంగా ఉన్నాయి. అయ్యగారి బొమ్మే ఎక్కడా లేదు. కొత్తగా తెలిసింది ఒక్కటే, పుష్పలత తన ఇంటి జల్లెడ తిరిగిరాలేదని వీధిలో చెప్పుకుంటోందని.

అందరి కప్పులూ చూసిన మనిషికి తన కట్టెల మోపు చూడాలని తోచలేదు. మనమైనా అంతే లెండి. వాళ్ల ఫ్లెక్సీ తెల్లవైపు పైకి వేసి కట్టెల మీద కప్పి ఉంది, అందుకని అది ఒట్టి బరకంలాగే కళ్లకు అలవాటైపోయింది. ఆ శుక్రవారం పొయ్యిలోకి కట్టె లాగుతూ అంచు ఎత్తింది. లోపలినుంచి అయ్యగారు నవ్వుతున్నారు. టై ఉంది, కోటు ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకే ఉంది. అక్కడ కొడవలితో కోసిన గాటు.

తెలుసుకోవాలని నెల రోజులు తిరిగిన మనిషి, తెలిసినందుకు ఏడ్చింది.

ఆమె మొగుడు వీరన్న మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. సంఘంలో డోలక్ వాయించేది అతనే. ఆమె ఫ్లెక్సీ అంచు ఎత్తి చూపించింది.

"పందులు మక్క మొత్తం తవ్వి పోతున్నయ్. ఒక్క రాత్రే పెడ్దామనుకున్న," అన్నాడు వీరన్న, గోడకేసి చూస్తూ. "ఎద్దు తాడు తెంపుకొని వస్తదని నాకేమెరుక?"

"నెల రోజులు గా డోలక్ కొట్టుకుంట ఎట్ల కూసున్నవయ్యా? ఎనిమిది ఇండ్లోళ్లను దొంగలను చూసినట్టు చూసిన గదా నేను!"

"అమ్మ పోయినంక చెప్దామనుకున్న. తెలిస్తే పానం పోతది సోమ్లీ."

"చెప్పకుంటే బల్ల లేకుంట పోతది."

జవాబు లోపలినుంచి వచ్చింది. తడిక గోడ అవతలే ముసలమ్మ మంచం.

"వీరన్నా, మన ఎద్దును ఇప్పు."

అతను కదల్లేదు.

"ఇప్పరా. నేను లేసి ఇప్పలేను."

వీరన్న తన ఎద్దును విప్పుకుని నడివీధిలో నడిచాడు. చెప్పకుండానే అందరికీ అర్థమైంది. పుష్పలత, బొజ్జయ్య, అయ్యగారు, సంఘమంతా వెనకాలే నడిచారు. రెడ్యా వాకిట్లో నిలబడి ఎద్దును చూశాడు, వీరన్నను చూశాడు.

"రోజూ అన్నా అన్నా అని పలకరిస్తివి గదరా," అని చెంప మీద ఒక్కటి కొట్టాడు. వీరన్న తల వంచుకుని, ఇంకొకటి కొడతాడేమోనని నిలబడ్డాడు. రెడ్యా కొట్టలేదు. పలుపు అందుకున్నాడు. ఎద్దు చచ్చినప్పటికంటే ఇప్పుడే అతని మొహం ఎక్కువ కందింది.

ఫిర్యాదు తీరింది. కానీ తప్పు చేసిన మనిషి మూడు నెలలు గుమ్మం దగ్గర కూర్చోవాలి, బల్లలో చెయ్యి వేయకూడదు. అదీ పాత కట్టుబాటే, అదీ జంపక్క పెట్టించిందే. మేస్త్రి ఆటో మాత్రం మర్నాడు కూడా ఆగకుండా పోయింది. అంటుకున్నంత తొందరగా పోదు ఆ పేరు.

మార్చి మొదటి ఆదివారం జంపక్కను రెడ్యా తన బండిలో పడుకోబెట్టి తీసుకొచ్చాడు. జోడు కుదరని ఎద్దులు, ఒకటి ముందుకు, ఒకటి పక్కకు లాగుతున్నాయి. తాను లోపలికి రాలేదు. బయట చుట్ట ముట్టించుకున్నాడు.

అయ్యగారు గుడ్డ తీశారు. రెండు నెలలు కరువు పట్టిన మొహాలన్నీ ఒక్కసారి వెలిగాయి. రొట్టె పళ్లెం చేతులు మారుతూ జంపక్క దగ్గరకు వచ్చింది. సోమ్లి అత్తను ఆనించుకుని కూర్చోబెట్టింది. ఇంతకాలం ఎదురుచూసిన ముసలమ్మ ముక్క తీసుకోకుండా పళ్లేన్ని పక్కమనిషికి జరిపింది.

"తీసుకోండమ్మా," అన్నారు అయ్యగారు.

"మీరు తినుండ్రి. అందరు తినుండ్రి. నా కొడుకు తిన్ననాడు తింట."

అయ్యగారు ఆమె పక్కన వంగారు. "మూడు నెలలమ్మా..."

"ఎరుకే. కట్టు పెట్టిందే నేనైతిని."

గుమ్మం దగ్గర వీరన్న మోకాళ్లలో మొహం పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ తల తిప్పుకోలేదు కూడా.

తిరిగి వెళ్లేటప్పుడు బండి పక్కనే వీరన్న నడుస్తున్నాడు, గుంతలు వచ్చినచోట బండి పట్టె పట్టుకుని. సోమ్లి అత్త తల ఒళ్లో పెట్టుకుంది. అడగకూడదని ఎంత అనుకున్నా ఆ నోరు ఊరుకోదు కదా.

"అత్తా, మూడు నెల్లు ఉంటవా?"

జంపక్క కళ్లు తెరిచి, నడుస్తున్న కొడుకును చూసింది.

"నాకు గూడ గదే చూడాల్నని ఉన్నదే," అంది.