కోటవాకిలి బయట పదకొండు మంది

నేను ఒక బల్లెపు మొనను. జానెడు పొడవుంటాను. ఆకు ఆకారం, అడుగున కర్ర దూర్చే గొట్టం. ఇప్పుడు చూసినవాళ్ళు తుప్పుముక్క అంటారు, అననీండి.

నన్ను సాగగొట్టినవాడు బోడికొండ కోటలో కమ్మరి ఓబులు. అతని కొలిమిలో పుట్టిన ప్రతి మొనకీ గొట్టం మీద చిన్న ఎద్దు ముద్ర పడేది. అది కోటదొర ముద్ర. ఓబులు నన్ను నీళ్ళలో ముంచి తీసి, బొటనవేలితో అంచు చూసి, "బాగా తెగుతుంది" అన్నాడు. ఎవరిని కోస్తుందనేది అతని పని కాదు.

నన్ను బయన్న అనే కావలివాడికి ఇచ్చారు. రెండేళ్ళపాటు అతను నాతో చేసిన యుద్ధమంతా గోడమీది కోతులతోనే.

మూడో ఏడు శత్రువుల దండు దిగింది. ముందు కొండ కింది పేటను తగలబెట్టారు. పేటలో ఉండేది కుమ్మర్లు, సాలెవాళ్ళు. పిల్లల్ని చంకనేసుకుని, కాలిన ఒళ్ళతో కోటవాకిలికి పరిగెత్తుకొచ్చారు. దొర తలుపులు మూయించాడు. తెరిస్తే వాళ్ళ వెనకే దండు జొరబడుతుందని అతని భయం. భయం నిజమే కావచ్చు. కానీ బయట జనం తలుపును విరిగేలా నెడుతున్నారు.

"పొడవండి" అన్నాడు దొర.

ఆ తలుపుకి రొమ్ము ఎత్తున బల్లేలు దూర్చే సందులుండేవి. బయన్న మొదట నన్ను ఊరికే గాలిలోకి పొడిచాడు. అది చూసి సర్దారు అతని మెడకి కత్తి ఆనించాడు. రెండోసారి నేను మెత్తటి చోట దిగాను. మూడోసారీ, నాలుగోసారీ అంతే. ప్రతిసారీ తలుపు అవతల ఒక అరుపు తగ్గేది. వెచ్చదనమంటే కొలిమిదేననుకునేదాన్ని అప్పటిదాకా.

అయిదోసారి తగిలింది ఒక ఆడమనిషికి. ఆమె మోచేతుల దాకా కుమ్మరి సారె మీది బంకమన్ను ఎండి ఉంది. నేను పక్కటెముకల నడుమ దిగబడ్డాక ఆమె రెండు చేతులా కర్ర పట్టుకుంది. బయన్న లాగాడు, ఆమె వదల్లేదు, కర్ర విరిగింది. ఆమెతోపాటే నేనూ పడిపోయాను. పొద్దు వాలకముందే దండు తలుపు పగలగొట్టి, శవాలు తొక్కుకుంటూ లోపలికి నడిచింది. దొర అప్పటికే వెనకదారిన జారుకున్నాడు. బయన్న సంగతి నాకు తెలియదు. గోడ కూలి మమ్మల్ని కప్పేసింది.

మళ్ళీ నామీద ఎండ పడింది వందల ఏళ్ళకి, ఒక టీవీ కార్యక్రమం పుణ్యాన. వారానికొక పాత చోటుకి వెళ్ళి, నాలుగు రోజులు తవ్వి, దొరికింది దొరికినట్టు జనానికి చూపిస్తారట. తవ్వకం నడిపేది వకుళ, పురావస్తు శాస్త్రం చదివిన మనిషి. కెమెరా ముందు మాట్లాడేది శశిభూషణ్. మట్టి తీసేది మాత్రం పెంచలయ్య. కింది పేటలో కుమ్మరి. కుండలు కొనేవాళ్ళు లేక కూలికి వచ్చాడు. అతని చేతికి మట్టి గుణం తెలుసు. పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు కుంచెతో తుడిచి, నన్నూ ఆమెనూ బయటికి తెచ్చాడు. ఆమె చుట్టూ ఇంకో పదిమంది బయటపడ్డారు. అందులో ముగ్గురు పిల్లలు.

శశిభూషణ్ గుంట అంచున నిలబడి, "కోటను కాపాడుతూ ప్రాణాలిచ్చిన వీరులు" అని మొదలుపెట్టాడు.

"అది ఆపండి శశీ" అంది వకుళ. "వీళ్ళు తలుపుకి బయట ఉన్నారు. తలలన్నీ తలుపు వైపే ఉన్నాయి. దెబ్బలన్నీ ముందునుంచే. వీళ్ళని పొడిచింది లోపలివాళ్ళు."

గొడుగు కింద కుర్చీలో నరసింగప్ప దొర కూర్చుని ఉన్నాడు. ఆ కోటదొర వంశం తనదేనని చెప్పుకునే పెద్దమనిషి. కెమెరా కోసం తలపాగా చుట్టుకుని వచ్చాడు.

"మా పెద్దలు పేట జనాన్ని చంపినారని టీవీలో చెప్తావా అమ్మా?"

"ఈ మొన మీది ఎద్దు ముద్ర మీ కోటదేనని పొద్దున మీరే చెప్పారు కదండీ" అంది వకుళ.

ఆయన తలపాగా తీసి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెంచలయ్య బంకమన్ను పొర ఇంకా అంటుకుని ఉన్న ఆమె మోచేతుల ఎముకల వైపే చూస్తున్నాడు. "మేడమ్, పేట జనమంటే మావాళ్ళే కదా" అన్నాడు. వకుళ తలూపింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎనిమిది మంది వచ్చారు, చేతుల్లో గడ్డపారలు, దుడ్డుకర్రలు. ముందు కెమెరాను పగలగొట్టారు. శశిభూషణ్ వ్యాను వైపు పరిగెత్తాడు. వకుళ గుంటకి అడ్డంగా నిలబడితే ముంజేతి మీద కర్రతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నాకు బాగా తెలిసిన చప్పుడది. ఇద్దరు గుంటలోకి దూకి గడ్డపారలతో పుర్రెలు పొడి చేశారు. పిల్లలవి ఒక్కో దెబ్బకే పోయాయి.

పెంచలయ్య తవ్వి తీసినవి పెట్టే పళ్ళెంలోంచి నన్ను తీసుకున్నాడు. పైన పొరలు రాలినా నడిమి ఇనుము ఇంకా చావలేదు. గుంటలోకి దూకిన ఇద్దరిలో సుంకన్న అనేవాడి తొడలో రెండు వేళ్ళ లోతు దిగాను. అతను వెల్లకిలా పడగానే తక్కినవాళ్ళు వెనక్కి తగ్గారు. పెంచలయ్య అతని రొమ్ము మీద మోకాలు వేసి నన్ను మెడకి గురిపెట్టాడు. "వద్దు పెంచలయ్యా" అని వకుళ అరిచింది. ఆ మాట అతని చెవిన పడనే లేదు.

"అన్నా, మాకేం తెలీదన్నా" అన్నాడు సుంకన్న. "దొర పొమ్మంటే వచ్చినాం."

పెంచలయ్య చేయి అక్కడే ఆగిపోయింది. నన్ను పక్కన పెట్టి, తన తువ్వాలు చించి అతని తొడకి కట్టు కట్టాడు.

పోలీసులు వచ్చి నన్ను గుడ్డసంచిలో వేసి లక్కముద్ర కొట్టారు. కాగితంలో 'తుప్పు పట్టిన ఇనుప ఆయుధం ఒకటి' అని రాశారు. పొడిచినందుకు పెంచలయ్య మీదా, కొట్టినందుకు ఎనిమిది మంది మీదా కేసులు పెట్టారు. దొర పేరు ఎక్కడా లేదు. టీవీలో ఆ వారం ఇంకో కోట చూపించారు. ఎముకలు పొడి అయిపోయాయి కాబట్టి ఇక చూపడానికి ఏమీ లేదన్నారు.

ఏడాదిన్నరకి పెంచలయ్య కేసులో నన్ను కోర్టులో బల్ల మీద పెట్టారు. తుప్పుముక్క ఆయుధమే కాదని వాదిద్దామనీ, నోరెత్తవద్దనీ పెంచలయ్యకి అతని వకీలు ముందే చెప్పి ఉంచాడు. వకుళ వంకర తిరిగిన చేయి ఒళ్ళో పెట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది.

"దీన్ని గుర్తుపడతావా?" అని అడిగారు జడ్జిగారు.

"గుర్తుపడతానయ్యా. దీంతోనే పొడిచినా" అన్నాడు పెంచలయ్య. వకీలు తల పట్టుకున్నాడు. "అయితే నాకంటే ముందు ఇది దొర కోటలోనుంచి మా పేటోళ్ళను పొడిచింది. తవ్వినంతలో పదకొండు మంది. ముగ్గురు పిల్లోళ్ళు. చేతులకు బంకమన్ను ఉన్న ఆడమనిషి పక్కటెముకల్లోనుంచే నేను దీన్ని తీసినా. అదీ రాసుకోండయ్యా."

"అది ఈ కేసులోకి రాదు" అన్నారు జడ్జిగారు.

టైపు చేసే ఆవిడ వేళ్ళు ఆగాయి. అప్పటికే ఆ మాటలన్నీ టైపు చేసేసింది. కొట్టివేయమంటారా అన్నట్టు పైకి చూసింది. జడ్జిగారు కళ్ళజోడు తీసి, నన్నొకసారి చూసి, పెంచలయ్యనొకసారి చూశారు.

"ఉండనీ" అన్నారు. "తరువాతి సాక్షిని పిలవండి."