పిండినల్లి బొమ్మ

నేను ఒక కుంచెను. ఉడుత తోక వెంట్రుకలతో పుట్టాను. తడిపితే నా కొస సూదిమొనలా నిలిచేది. కడప దగ్గర ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బొమ్మలు వేసే సువార్తమ్మ చేతికి వచ్చాక, పదకొండేళ్లు నీటిరంగులు తప్ప మరొకటి ముట్టలేదు. ఆ మడి కాస్తా ఒక పురుగు వల్ల మంటగలిసింది.

దాని పేరు పిండినల్లి. బొప్పాయి ఆకుల అడుగున తెల్లగా, జిగటగా గుంపులు కట్టి రసం పీలుస్తుంది. రైతులు గుర్తుపట్టేలోపే తోటలు పోతున్నాయని, చూడగానే తెలిసేలా ఒక గోడపత్రిక వేయమన్నారు. నీటిరంగుల్లో తెలుపు కావాలంటే కాగితాన్నే వదిలేయాలి. అలాగే వదిలాం. బొప్పాయి రైతు తిరుపాలు చూసి, "ఆకు మింద సున్నం పడిండాది గదా మేడమ్, పురుగు యాడుండాది?" అన్నాడు.

సువార్తమ్మ మొహం వాడిపోయింది. మర్నాడు గ్వాష్ అనే చిక్కటి తెల్లరంగు ట్యూబు కొనుక్కొచ్చింది. ఛీ! అదీ ఒక రంగేనా? వెలుగును లోపలికి పోనివ్వని ముద్ద. దాన్ని తెచ్చి నా కొసకు పూసింది. కింది ఆకుపచ్చ ఆరకముందే పెడితే రెండూ కలిసి విరిగిన పాలలా తేలాయి. ఆరాక నీళ్లు ఎక్కువ పోసి రుద్దితే ఆకుపచ్చ లేచి తెలుపును మురికి చేసింది. నా వెంట్రుకల మొదళ్లలో ఆ ముద్ద గడ్డకట్టింది. మనుషులు దీన్ని ప్రయోగం అంటారు. ప్రయోగం వాళ్లది, ఒళ్లు నాది.

తొమ్మిదో కాగితం మీద ఆకును పూర్తిగా ఆరనిచ్చి, చిక్కటి తెలుపును చుక్కలు చుక్కలుగా పొడిచింది. ఒక్కో పురుగు ఉబ్బి నిలబడింది. చుట్టూ జిగటకు మళ్లీ పలచని నీటిరంగే. అంత రోత బొమ్మ నా కొస నుంచే పుట్టింది.

తిరుపాలును మళ్లీ పిలిపించింది. అతను చూడగానే తువ్వాలుతో దులపబోయి ఆగాడు.

"థూ! ఇదే మేడమ్! మా తోటలో నాలుగు చెట్లకు ఉండాది. ఏందో బూజులే అనుకుంటి!" అంటూ పరుగెత్తాడు.

సమయానికి గుర్తుపట్టడంతో చీడ ఆ నాలుగు చెట్లతోనే ఆగింది. మిగతా తోట నిలిచింది. నా కొస మాత్రం నిలవలేదు, చీపురులా విచ్చుకుంది. ఇప్పుడు నాతో బొమ్మలు వేయరు. ల్యాబులో నిజం పిండినల్లులను ఆకుల మీంచి నాతోనే ఎత్తి సీసాల్లో వేస్తారు. మొదటిసారి ఒకటి నా వెంట్రుకల మీద పాకినప్పుడు అసహ్యంతో చచ్చాననుకున్నాను. తర్వాత దాన్ని పరికించి చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను వేసిన దానంత రోతగా అది లేదు.