నుదుటి మీద అరగంట

నా అలసట మా ఆయనకి కనబడదు గానీ, ఫోన్లో చూపించిన ఏ అలసటైనా ఇట్టే కనబడుతుంది. ఎవరో ఒకావిడ వీడియోలో కూర్చుని, క్రిస్టల్ పెట్టుకుంటే మనసు నెమ్మదిస్తుందనీ, ఇంట్లో చికాకులు పోతాయనీ చెప్పిందట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. వారం తిరక్కుండా నా చేతిలో ఒక రాయి పెట్టాడు. గుప్పిట్లో ఇమిడేంత, అటువైపు వేళ్ళు కనబడేంత తేట రాయి.

నేను బెంజి సర్కిల్ దగ్గర ఒక కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఆ రాయి సిలికాన్ డయాక్సైడ్. కృష్ణలోంచి లారీలకి ఎత్తుకుపోయే ఇసుకా అదీ ఒకటే జాతి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"రోజూ అరగంట నుదుటి మీద పెట్టుకుని, తలుపేసుకుని పడుకోవాలంట సింధూ. మధ్యలో ఎవరూ పిలవకూడదంట. పిలిస్తే ఎనర్జీ చెదిరిపోద్దంట. ఎప్పుడన్నా దానంతటది పగిలిందనుకో, నీలో నెగెటివ్ అంతా లాగేసుకున్నట్టు. ఇంక అవసరం లేదన్నమాట" అన్నాడు హర్షవర్ధన్.

ఎవరూ పిలవకూడదన్న మాట వినబడ్డాక నేను కెమిస్ట్రీ మింగేశాను.

అంతకు ముందు నేను అడగలేదని కాదు. తలనొప్పి అంటే టాబ్లెట్ వేసుకోమన్నారు. కాళ్ళు లాగుతున్నాయంటే కాల్షియం తక్కువన్నారు. ఊరికే అలసటగా ఉంది, కాసేపు పడుకుంటానంటే, "ఎవరికి లేదు అలసట" అన్నారు. ఎద్దు పుండు కాకికి నొప్పా? పొద్దున్న వంట, పగలంతా నాలుగు సెక్షన్లకి అదే పాఠం, సాయంత్రం సిటీ బస్సులో నిలబడి పటమట చేరితే మళ్ళీ అదే వంటగది. పడుకున్నా "అమ్మా, నా చార్జర్ ఏది" అని మా అక్షయ, "సింధూ, టీ" అని ఈయన. అలాంటి ఇంట్లో, నుదుటి మీద ఇసుకముద్ద పెట్టుకున్నందుకు అరగంట సేపు నిశ్శబ్దం. టీవీ సౌండు కూడా తగ్గించేవాళ్ళు. నాకు రాయి మీద నమ్మకం లేదు. తలుపు మీద ఉంది. రోజు మొత్తంలో నాదంటూ ఉన్నది ఆ అరగంటే. అది లేకపోతే ఏమైపోతానో అని భయంగా కూడా ఉండేది.

కంటి ఆపరేషన్ చెకప్‌కని మా అత్తగారు పద్మావతమ్మ ఉయ్యూరు నుంచి వచ్చారు. ఒక కన్ను చేయించుకున్నారు, రెండోది ఇంకా మసకే. వచ్చిన దగ్గర్నుంచీ నా మొహం వంక అదోలా చూస్తున్నారు.

మర్నాడు సాయంత్రం నేను బ్యాగుతో గుమ్మంలో అడుగు పెడుతుండగానే, "అక్కడే ఉండమ్మాయ్" అన్నారు. గుప్పిట్లో ఏదో పట్టుకుని నా చుట్టూ మూడుసార్లు తిప్పారు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయారు. వాదించే ఓపిక లేదు. నేను చెప్పులు విప్పి గదిలోకి పోయాను. మంచం పక్క బల్ల మీద రాయి లేదు.

దిండు కింద చూశాను. మంచం కింద చూశాను. అప్పుడు వెలిగింది నాకు. మా వైపు పటికతో దిష్టి తీసి నిప్పుల్లో వేస్తారు. అది పొంగి పువ్వులా విచ్చుకుంటుంది. దిష్టి పెట్టినవాళ్ళ రూపు అందులో కనబడుతుందంటారు. ఈవిడ మసక కంటికి తెల్లగా ఉన్న రాయల్లా పటికే.

నేను పరుగెత్తేసరికి రాయి గ్యాస్ పొయ్యి మీద, మంట మధ్యలో ఉంది. ఆవిడ వంగి చూస్తున్నారు.

"ఎంతకీ పొంగదేంటే?"

నేను చెయ్యి చాపి స్టవ్ కట్టేశాను. అప్పటికే ఆలస్యమైంది. టప్‌మని రెండు ముక్కలై, ఒకటి సింకు దాకా ఎగిరింది.

"అయితే ఎవరి కన్నూ లేదన్నమాట. నిన్ను చూసి కుళ్ళుకోవడానికి నీకేం సుఖం ఉందిలే" అన్నారు ఆవిడ తాపీగా.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. సింకు పట్టుకుని, కాలేజీ చీరలో, వెక్కి వెక్కి ఏడ్చాను. అది పటిక కాదండీ, మీ అబ్బాయి తెచ్చిన రాయి అన్నాను. ఆవిడ కంగారుపడ్డారు. ఖరీదైన రాయేమో, ఇంకోటి తెప్పిస్తాడులే అన్నారు.

"తెప్పించరండీ. పగిలిందంటే నాకు నయమైపోయినట్టంట. ఇంక పడుకోనివ్వరు" అన్నాను. తలుపు సంగతీ, ఎవరూ పిలవకూడదన్న సంగతీ అన్నీ చెప్పేశాను.

ఆవిడ ముక్కలేరి కొంగుతో తుడిచారు.

"మా రోజుల్లో నెలకి మూడు రోజులు వెనక గదిలో కూర్చోబెట్టేవాళ్ళు. పొయ్యి దగ్గరికి రాకూడదు, ఎవర్నీ ముట్టుకోకూడదు. చాదస్తం అని మీరు తిడతారు. తిట్టాల్సిందే. కానీ ఆ మూడు రోజులూ నాకు పని చెప్పినోళ్ళు లేరు." గొంతు తగ్గించారు. "చెరుకు నరికేటప్పుడు కూలోళ్ళకి వండీ వండీ నడుం పడిపోయేది. రాకపోయినా వచ్చిందని చెప్పి పోయి పడుకునేదాన్ని. మీ మామగారికి చివరిదాకా తెలీదు."

ఆవిడ మొహంలోకి అప్పుడు చూశాను, సరిగ్గా. ఇన్నేళ్ళలో ఆవిడ పగటిపూట నడుం వాల్చగా నేను చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు.

"పగిలిందని వాడికి చెప్పేదెవరు? పో, పోయి పడుకో" అన్నారు.

వెళ్ళి పడుకున్నాను. ఒట్టి నుదుటితో. కాసేపటికి హాల్లో ఈయన గొంతు వినబడింది, టీ ఏదని. "అమ్మాయి రాయి పెట్టుకుంది, గోల చెయ్యకు" అన్నారు ఆవిడ. ఇంకా ఏదో అన్నారు గానీ వినబడలేదు. వంటింట్లో గిన్నె చప్పుడైంది. ఆయనే పెట్టుకుంటున్నట్టున్నాడు.

తలుపు తెరుచుకుని మెల్లిగా మూసుకుంది. అత్తగారు వచ్చి నా పక్కన, గోడవైపు తిరిగి పడుకున్నారు. నడుం దగ్గర చెయ్యి పెట్టుకుని పెద్దగా ఊపిరి వదిలారు.

"ఎంతసేపమ్మా ఇది?" అన్నారు.

"అరగంటండీ."

"ఇద్దరికి కదా, గంటన్నర పడుద్దని వాడికి చెప్పాను."