వెనక చక్రానికి పిండిముద్ద

బిడ్డ వరసగా రెండుసార్లు తుమ్మితే డాక్టరుకి ఫోన్ చేసే మనిషిని నేను. అందుకే, కారు వెనక సీటు కింద ఏదో కర్రుమంటోందని చెబితే మా ఇంట్లో ఎవరూ చెవిన పెట్టలేదు.

మా ఆయన పాత చక్రాలు తీయించి వెడల్పాటి అల్లాయ్ చక్రాలు వేయించి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో బిడ్డ మూతికంటే వాటినే ఎక్కువసార్లు తుడిచారు. తెల్లారితే అందరం మా పుట్టింటికి ఆరు గంటల ప్రయాణం. బిడ్డ సీటు సరిగ్గా ఆ చప్పుడు మీదే.

"అది సీటు బెల్టు చప్పుడు," అన్నారు.

"అత్తయ్య వెనక ఎక్కినప్పుడే వస్తోందండీ."

"అయితే అమ్మని ముందు కూర్చోబెడదాం."

"నేనేమన్నా మూటనా, ఎక్కడ పడితే అక్కడ సర్దడానికి?" అంది అత్తయ్య.

ఆయన వేళ్ళు మడిచి లెక్క చెప్పారు. "పాతది ఆరంగుళాల వెడల్పు, కొత్తది ఎనిమిది. లోపలికో అంగుళం, బయటికో అంగుళం పెరిగింది. బయట మడ్‌గార్డు దాకా మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంది. అంగుళమంటే రెండున్నర. ఇంకా అర మిగిలింది. తొమ్మిదో తరగతి దాటనిదానికి ఎలా చెప్పనే?"

దాటలేదు, నిజమే. కానీ టైరు మడ్‌గార్డు దాటి, బెల్టు మీంచి జారిన పొట్టలా బయటికి తొంగిచూస్తూనే ఉంది. అడిగితే అదే స్టైలట.

బాల్కనీలో పడేసిన పాత చక్రం వెనక ఈటీ అనే అక్షరాల పక్కన 45 అని ఉంది. కొత్తవాటి అట్టపెట్టె మీద అవే అక్షరాల పక్కన 30. ఆయన స్నానానికి వెళ్ళగానే టైర్ల షాపు మేస్త్రీకి ఫోన్ చేశాను.

"అది ఆఫ్‌సెట్టమ్మా. చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యలో గీత ఉందనుకో. బోల్టులు బిగించే చోటు ఆ గీతకి ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందో, అదే ఆ అంకె. అంకె ఎంత తగ్గితే చక్రం అంత బయటికొస్తుంది."

"అంటే వెడల్పు పెరిగింది కాక, ఇంకో పదిహేనా?"

"అంతే మరి. సార్‌కి చెప్పాను. బయటికి కనబడకపోతే కొనడం దేనికన్నారు."

ఇరవై అయిదూ పదిహేనూ నలభై మిల్లీమీటర్లు. ఖాళీ ముప్ఫై.

ఇది నోటితో చెబితే మళ్ళీ తొమ్మిదో తరగతి దగ్గరికే వస్తారు. వంటింట్లో తడిపి ఉంచిన పిండిలోంచి గుప్పెడు తీసి వెనక చక్రం పైన మడ్‌గార్డు అంచు లోపల దట్టంగా అద్దాను.

"తినే పిండి బండికి పులుముతున్నావేంటే?" అంది అత్తయ్య.

"మీరు వెనక కూర్చోండి అత్తయ్యా. మీ బరువుతో పని పడింది."

"నోరు చూడు దీనిది!" అంటూనే ఎక్కింది. బిడ్డకీ నాకూ బదులు రెండు నీళ్ళ క్యాన్లు పెట్టాను. ఆయన విసుక్కుంటూ వీధి చివర స్పీడ్ బ్రేకర్ దాకా వెళ్ళి వచ్చారు.

వంగి చూశాం. ముద్దలో సగం లేదు. మిగిలిన సగం నున్నగా, నల్లగా ఉంది. టైరు అంచున పిండితో పాటు, కత్తితో గీసినట్టు సన్నటి గాటు.

ఆయన గాటు మీద వేలు పెట్టి చూశారు. "మడ్‌గార్డు అంచు కొంచెం లోపలికి మడిపిస్తే..."

"తెల్లారేలోపా?" అన్నాను.

"పాతవి బిగించరా," అంది అత్తయ్య.

"ఆ బక్క చక్రాలు చూసి అందరూ నవ్వుతారమ్మా."

"నవ్వనీ. వాటి మీద కూర్చునేది నా మనవరాలు."

జాకీతో బండి ఎత్తి, మొహం ముడుచుకుని, నాలుగూ ఆయనే మార్చారు.

మర్నాడు దారిలో ఆయన గుంత వచ్చినప్పుడల్లా పాట ఆపి, తల పక్కకి వంచి వింటున్నారు. రెండుసార్లు బండి ఆపి దిగి చూశారు. మూడోసారి వెనక తలుపు తీసి నా భుజం తట్టి లేపారు.

"ఏమే, నీకేమైనా వినిపించిందా?"

"పడుకోనివ్వండి," అన్నాను.