ఎత్తని రెండు ఫోన్లు

దోహాలోని ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న మాలతికి, పోయినేడు మేడంతో, కవల పిల్లలతో పారిస్ వెళ్లిరావడం జీవితంలోకెల్లా గొప్ప సంగతి. ఈ వేసవికీ తననే తీసుకెళ్తారనుకుంది. మేడం మాత్రం, చేరి ఆరు నెలలైనా నిండని నఫీసా పేరు చెప్పింది. పిల్లలకు దాని ఆటలు నచ్చాయట.

జగిత్యాల మాలతికీ, నిర్మల్ నఫీసాకూ ఒకటే గది. నఫీసా పెట్టె సర్దుకుంటూ, "ఆడ సలి ఉంటదా అక్కా?" అని అడిగింది.

"ఏమో, నాకేమెరుక," అని మాలతి గోడవైపు తిరిగి పడుకుంది.

వాళ్లు వెళ్లిన నాలుగో రోజు పారిస్‌లో జనం పోలీసుల మీద కోపంతో రోడ్లెక్కారు. టీవీ నిండా తగలబడుతున్న బస్సులు, పగిలిన దుకాణాల అద్దాలు. ఊరు చూడవచ్చినవాళ్లు గుంపులకు దూరంగా ఉండాలని పదే పదే చెబుతున్నారు.

"మంచిగైంది," అంది మాలతి పైకే.

వారానికి గొడవ సద్దుమణిగిందన్నారు. మేడం పిల్లల్ని నఫీసా వెంట మళ్లీ బయటికి పంపసాగింది.

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ చేస్తుంటే ఫోన్ మోగింది. నఫీసా! గొప్పలు చెప్పుకోవడానికే అనుకుని మాలతి ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఎత్తలేదు. మూడోసారికి, పిల్లలకేమన్నా అయిందేమోనని ఎత్తింది.

"అక్కా, పార్కు కాడున్నం. పెద్ద రోడ్డు మీదికి మళ్ల జనమొచ్చిండ్రు. పొగకు కండ్లు మండుతున్నయి. మేడం ఫోన్ ఎత్తుతలేదు!" వెనక పిల్లల ఏడుపు.

పోయినేడూ అదే హోటల్, అదే పార్కు. రోజూ నడిచిన దారి మాలతి కళ్లముందు కదిలింది.

"పెద్ద రోడ్డు దిక్కు పోకు. ఊయలల ఎనక చిన్న గేటుంటది. బయటికొచ్చి ఎడమకు మలుగు. రొట్టెల దుకాణం దాటినంక సందు. పిల్లల మూతులకు చున్నీ కట్టు. ఉరుకకు, పడ్తరు. ఫోన్ మాత్రం పెట్టేయకు."

"హోటల్ కనవడ్తుందక్కా," అని వినబడేదాకా ఫోన్ చెవికి ఆనించుకునే నిలబడింది. ఆ తర్వాతే ఇస్త్రీపెట్టె ఆపింది.

తిరిగొచ్చాక మేడం నఫీసా ధైర్యాన్ని ఇంటికొచ్చినవాళ్లందరికీ కథలుగా చెప్పింది. "దారి అక్క చెప్పింది," అని నఫీసా అంటున్నా నవ్వి ఊరుకుంది. వచ్చే ఏడూ ఈ పిల్లే రావాలంది. మాలతి ఖాళీ కప్పులు తీసుకుని విసురుగా వంటింట్లోకి పోయింది.

గదిలోకి రాగానే నఫీసా అడిగింది. "మొదలు రెండుసార్లు ఎందుకెత్తలేదక్కా? పనిల ఉంటివా?"

ఔనంటే సరిపోయేది.

"లేదు. కావాల్నని ఎత్తలే. నేను పోవాల్సిన కాడికి నువ్వు పోయినవని కుళ్లు. ఇప్పటికీ ఉంది."

నఫీసా పదిరోజులు అక్కా అని పిలవలేదు. అన్నం కూడా వేరేగానే తింది. పదకొండో రోజు వంటింట్లో తనే కదిలించింది.

"అక్కా, వచ్చే ఏడు నిన్నే తీస్కపొమ్మని మేడంకు చెప్తా."

"గట్టిగనే చెప్పు," అంది మాలతి. సిగ్గనిపించింది గానీ, మాట వెనక్కి తీసుకోలేదు.