తాడు మీద తిరుగు ప్రయాణం

...అయినా చెప్పకపోవడమూ అబద్ధమాడటమూ ఒకటే ఎలా అవుతాయి, ఎవరూ అడగలేదు కదా, అడిగినప్పుడు చూసుకోవచ్చు అనుకుంటూ వైకుంఠరావు సీటు కిందున్న తువ్వాలు మూటను మడమతో ఇంకాస్త లోపలికి తోశాడు. మూటలో కార్బురేటర్ ఉంది. పక్కన కూర్చున్న శివాజీకి ఆ సంగతి తెలియదు. వెనక తొట్టిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న సుభద్రకూ తెలియదు. అతను నడుపుతున్న టెంపో నందిగాం దాటి, రావివలస వైపు హుషారుగా పోతోంది.

మూడు చక్రాలు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి. ఒకప్పుడు జీడిపిక్కల బస్తాలు మోసిన ఇలాంటి బండ్లు ముగ్గురి దగ్గరా ఒక్కొక్కటి ఉన్నాయి. టెక్కలిలో పాత ఇనుము కొట్టుకు ముగ్గురూ వేర్వేరుగా వచ్చి ఒకే సామాను అడుగుతుంటే విసిగిపోయిన యజమాని, ఒకరోజు ముగ్గుర్నీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పరిచయం అలా మొదలైంది. పాత పెళ్లి ఫొటోల్లో వెనకెక్కడో నిలబడ్డ టెంపోలను భూతద్దంతో చూసి అసలు రంగు ఏదో తేల్చారు. తొట్లకు పనస చెక్క వేయించారు. మూడు బండ్లూ సిద్ధమయ్యాయి. ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ మాత్రం పనిచేసేది ఒక్కటే దొరికింది.

అందుకని వంతులు పెట్టుకున్నారు, నాలుగేసి నెలలు. వంతు అయిపోయినవాళ్లు బండి నడుపుకుంటూ తర్వాతివాళ్లింటికి వెళ్లాలి. అక్కడ కార్బురేటర్ విప్పి ఆ బండికి బిగిస్తారు. ఆ బండి ఈ బండిని కొబ్బరితాడుతో కట్టి మళ్లీ ఇంటికి లాక్కొస్తుంది. విప్పి సంచిలో వేసి పంపితే సరిపోదా అని వైకుంఠరావు మొదట్లోనే అడిగాడు.

"సంచిలో వత్తే సామాను బావా. బండిలో వత్తే సుట్టం," అన్నాడు శివాజీ.

ఇంకో నియమం కూడా అతనే పెట్టాడు. తాడు కట్టిన బండిలో మనిషి ఒంటరిగా కూర్చోకూడదు, మూడోవాళ్లు తోడుండాలి. వైకుంఠరావుకు ఆ తోడు కూడా ఇబ్బందే. ఒక్కడే బతకడం అలవాటైన మనిషి. ఇంజను ఆగిపోయిన బండిలో, చేతిలో స్టీరింగు ఉండి కూడా ఇంకొకరు లాగితే కదలడం అతనికి గొంతులో ముల్లులా ఉండేది. పోయినవారం కొట్టు యజమాని ఫోన్ చేసి రెండో కార్బురేటర్ వచ్చిందని చెప్పగానే, వెళ్లి తెచ్చుకున్నది అందుకే. ఇవాళ్టితో తన వంతు అయిపోయింది, పొద్దున్న ఇంటికొచ్చిన ఆ ఇద్దరి కంటా పడకుండా దాన్ని సీటు కింద దాచాడు. ఈసారి ఇల్లు చేరాక నెమ్మదిగా బిగించుకుంటే చాలు. ఇంక తాడు లేదు.

కానీ ఆ బండి చప్పుడు సగం ఊరికి వినిపిస్తుంది. నడిచే బండిని నడవనట్టు ఎలా దాచాలి? పొలం మధ్యకు తీసుకెళ్లి నడపాలా? దొంగతనంగా ఎవరిదో బండి ఎక్కుతున్నట్టు, తన బండే తను? అతనికి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని శివాజీ అడిగితే, ఊరికే అన్నాడు.

రావివలసలో శివాజీ ఇంట్లో భోజనాలయ్యాయి. కార్బురేటర్ ఆ బండిలోకి మారింది. శివాజీ బండి మొదటి తన్నుకే అందుకుంది. తాడు కట్టారు. సుభద్ర వచ్చి వైకుంఠరావు పక్కన కూర్చుంది. ఊరి చివర టీ బడ్డీ దగ్గర ఒక ముసలాయన వీళ్లను చూసి చెయ్యెత్తాడు.

"ఏటి బాబూ, పొద్దున్న పెళ్లికొడుకునాగ వచ్చినావు, ఇప్పుడు మేకపోతునాగ ఎల్తన్నావు."

సుభద్ర పగలబడి నవ్వింది. వైకుంఠరావు చెవులు వేడెక్కాయి. మడమ దానంతటదే మూటను వెతుక్కుంది.

రోడ్డుకు రెండు పక్కలా జీడితోటలు. పూత అయిపోయి పిందెలు దిగుతున్నాయి. మాట మార్చడానికి, పలాస దగ్గర సుభద్ర వాళ్ల తోట కాపు ఎలా ఉందని అడిగాడు. బాగానే ఉందని, పిక్కలు ఆటోలో తోలాలని చెప్పింది.

"మరి నీ బండుండగా ఆటో ఏటి?"

"నా వంతెప్పుడో ఎరగవా అన్నయ్యా? మూడు వంతులు, నాలుగేసి నెలలు. ఏటేటా నాకు వానలే వత్తాయి. బురదలో దిగబడిపోద్దని బయటికి తియ్యను. పాకలోనే స్టార్టు సేసి, కాసేపు ఇని, ఆపీసి వచ్చెత్తాను."

వైకుంఠరావు వేళ్ల మీద లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. భూతద్దాలు పెట్టి రంగులు తేల్చిన ముగ్గురు మేధావులు, ఏడాదికి పన్నెండు నెలలని మాత్రం మరిచిపోయారు.

"ఇన్నేళ్లూ సెప్పలేదేటమ్మా?"

"శివాజీ అన్నకి ఇది పెళ్లిళ్ల కాలం. పందిరి సామాను ఆ బండి మీద తోలితేగాని ఆయనకి ముద్ద దిగదు. ఎలగడగను?" ముందు పోతున్న బండి తొట్టి వైపు చూసింది. "పిక్కల బస్తాలేసుకుని ఒక్కపాలి పలాస బజార్లో తిరగాలనుంది. అంతే. వొద్దులే, ఆయనతో అనకు."

ఆమె కూడా చెప్పకుండానే ఉంది. ఆ మౌనం పక్కన తన మౌనాన్ని నిలబెట్టి చూసుకున్నాడు. చిన్నప్పుడు బడిలో పొడుగాటి పిల్లల పక్కన నిలబడ్డట్టు అనిపించింది. ఎవరికీ బరువు కాకూడదన్న పట్టుదలను ఇన్నాళ్లూ మంచితనమే అనుకున్నాడు. తాడు బిగుసుకుంది, బండి చిన్నగా ఊగింది. ఇంజను చప్పుడు లేకపోవడంతో ఆకుల గలగల వినిపిస్తోంది, సుభద్ర దేనికో మళ్లీ తనలో తను నవ్వుకోవడం వినిపిస్తోంది. ఈ తిరుగు ప్రయాణంలో ఇంత వినిపిస్తుందని అతను ఎప్పుడూ గమనించలేదు. ఈ మూట ఆమెకు ఇచ్చేస్తే తన వంతు ముగిసిన ప్రతిసారీ తను మేకపోతే. ఆ ముసలాయన బడ్డీ దగ్గరే కూర్చుని ఉంటాడు.

ఉండనీ.

కల్వర్టు దగ్గర శివాజీ వేగం తగ్గించాడు. తాడు వదులైంది. వైకుంఠరావు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, వంగి, సీటు కింద నుంచి తువ్వాలు మూట లాగి సుభద్ర ఒళ్లో పెట్టాడు.